తాలు

పానకాలు గారి కొట్లో గొడవంతా ఒక అంకె గురించి.
కొల్హాపూర్ షేటు ఫోన్లో "సోలా హజార్" అన్నాడు.
బల్ల మీది స్పీకరు ఆ మాటని గదిలోకి వదిలింది.
గోడ దాన్ని పట్టుకుని మైకు చేతిలో పెట్టింది.
షేటు చెవికి మళ్ళీ "సోలా హజార్" చేరింది.
ఒప్పుకున్నారనుకున్నాడు.
వంద టిక్కీల తేజ రకం, పదహారు వేల లెక్కన,
ఇక్కడ ఎవరూ నోరు విప్పకుండానే
అమ్ముడుపోయింది.

అందుకని నన్ను పిలిపించారు.
ఏటుకూరు రోడ్డులో ఆటో దిగేసరికే ముక్కు మండింది.
గుమాస్తా ఖాసిం వలీ తడి రుమాలు ఇచ్చి
"అలవాటవుద్దమ్మా, మూడో రోజుకి ముక్కే నేర్చుకుంటది" అన్నాడు.
నేను చేయబోయేదీ అదేనని అతనికి చెప్పలేదు.

ఫోన్లో ఒక చిన్న లెక్క పెట్టాను.
షేటు మాట గదిలోకి పోకముందే నకలు తీసుకుంటుంది.
ఈ గది దాన్ని ఏం చేసి తిప్పి పంపుతుందో ఊహిస్తుంది:
ఇనప బీరువా ఇంత, పటం అద్దం ఇంత,
పన్నెండడుగుల దూరంలో గోడ, కాస్త ఆలస్యంగా, ఇంత.
మైకులోకి వచ్చినదాంట్లోంచి ఊహించింది తీసేస్తుంది.
మిగిలింది చూసుకుని
రెండు వందల యాభై ఆరు గుణకాలూ
తలా కొంచెం సర్దుకుంటాయి.
సెకనుకి ఎనిమిది వేల సార్లు.
విసుగు లేదు.

అడుగు పెద్దది వేయిస్తే గీ పెట్టి బోర్లా పడుతుంది.
చిన్నది వేయిస్తే బేరం ముగిసినా గది అర్థం కాదు.
మధ్యాహ్నమంతా ఆ అడుగు కొలతే చూస్తూ కూచున్నాను.
గుమ్మం బయట దీనమ్మ తాలు ఏరుతోంది.
తెల్లబారిన కాయ, కళ్ళు ఎటో ఉన్నా, వేళ్ళకి తెలిసిపోతోంది.
"ఎట్లా తెలుస్తుంది?" అన్నాను.
"తప్పు ఏరీ ఏరీ" అంది.

రాత్రి లారీ వచ్చింది.
గోడ వారగా పేర్చిన టిక్కీలన్నీ వెళ్ళిపోయాయి.
పొద్దున గది బోర్లించిన గంగాళంలా మోగింది.
నిన్న నేర్చిందంతా నిన్నటి గది.
మూడు సెకన్లు తడబడి
ఈ గదిని నేర్చేసుకుంది.
మూడు సెకన్లు!
అరండల్‌పేటలో నా అద్దె గది
ఏడాదైనా నాకింకా అర్థం కాలేదు.

బేరం ముదిరింది.
సత్రా, పదిహేడు, అని ఈయన. సోలా అని ఆయన.
మాట మీద మాట.
లెక్క కంగారుపడింది. పానకాలు గారి గొంతు కూడా
గది చేసిన అల్లరే అనుకుని
దానికోసం సర్దుకోబోయి ఉన్న విద్య పాడుచేసుకుంది.
ఒక షరతు రాశాను:
ఇద్దరూ మాట్లాడుతుంటే నేర్చుకోకు, ఆగు.
(ఇది మా ఇంట్లో ఎవరికీ రాయలేకపోయాను.)

సాయంత్రానికి గది అణిగింది.
షేటు "సోలా పాంచ్‌సౌ" అన్నాడు. ఏదీ తిరిగి పోలేదు.
"హలో? హలో? ఉన్నారా?"
తన మాట తనకి వినబడకపోతే
అవతల మనుషులే లేరనుకునేంతగా అలవాటు పడ్డాడు.
ఇసక జారినంత సన్నటి హోరు ఒకటి కలిపాను.
ఊపిరి పీల్చుకున్నాడు.

తీసేయగా మిగిలినదాన్ని మేం దోషం అంటాం.
దోషం సున్నా కావాలని చదువుకున్నాం, పరీక్షలు రాశాం.
ఇక్కడి మనిషి నోరు తెరిస్తే
ఆ మనిషి ఉండేది మాత్రం అందులోనే.

అప్పుడు దీనమ్మ దగ్గింది.
ఇరవయ్యేళ్ళ కారం అడుగున ఎక్కడో కదిలినట్టు,
చాలాసేపు.
షేటు పంపిన మాట కాదది, నకలు లేదు.
నా లెక్క వెతికి, తీసేయడానికేమీ దొరక్క
ఉన్నదున్నట్టు కొల్హాపూర్ చేరవేసింది.

అటువైపు ఒక క్షణం ఏమీ లేదు.
తర్వాత షేటు సంతోషంగా నవ్వాడు.
"మాల్ తీఖా హై. ఠీక్ హై, సత్రా."

పానకాలు గారు కళ్ళకద్దుకుని చిట్టాలో రాసుకున్నారు.
దీనమ్మకి హిందీ రాదు.
కొంగుతో మూతి తుడుచుకుని
ఇంకో గుప్పెడు తాలు పక్కకి పోసింది.